పక్క రాష్ట్రానికి ప్రచారానికి వెళ్తున్నారా?
బళ్లారికో, బాగేపల్లికో పార్టీ పనిమీద బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి:

- పోలింగ్ తేదీ. మీ ఊళ్లోనూ ఆ రోజే అయితే వెళ్లకండి. ప్రచారానికి వెళ్లినవారికి పోస్టల్ బ్యాలట్ ఇవ్వరు.

- నగదు. అసలు తలనొప్పి ఇదే. చెక్‌పోస్టులో నిఘా బృందం డిక్కీ తెరిపిస్తుంది, సంచులు విప్పిస్తుంది, అంతా వీడియో తీస్తుంది. కార్యకర్తలున్న వాహనంలో 50,000 రూపాయలకు మించి దొరికితే జప్తు చేయవచ్చు. తక్కువే ఉన్నా బ్యాంకు రసీదు దగ్గరుంచుకోండి. ‘ఈ కవరు అక్కడ ఇచ్చేయండి’ అని ఎంత పెద్దాయన అడిగినా పుచ్చుకోవద్దు. పట్టుబడితే ఆయన ఫోను ఎత్తరు.

- కరపత్రాలు. ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు లేకుంటే పంచకండి.

- ప్రచార వాహనం. అనుమతి పత్రం అసలు ప్రతినే ముందు అద్దంపై అంటించాలి, జిరాక్సు చాలదు.

- మాట. అక్కడ తెలుగు చాలామందికి వస్తుంది. అయినా గుమ్మంలో పలకరింపు కన్నడలోనే ఉండాలి, అది మర్యాద.

- తిరుగు టికెట్ ముందే కొనండి. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగుతుంది. ఆ నియోజకవర్గంలో ఓటు లేని ప్రచారకులు అప్పుడే ఖాళీ చేయాలి. లాడ్జీలు, కల్యాణ మండపాలు తనిఖీ చేస్తారు.