మొదటి వేట రైఫిల్: బోల్ట్ యాక్షనా, సెమీ ఆటోమేటిక్కా?

అమెరికాలో స్థిరపడి, తొలిసారి జింకల వేటకు వెళ్లాలనుకునే తెలుగువారికి తుపాకుల దుకాణంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల మన దేశంలో వేట దాదాపు పూర్తిగా ఆగిపోయింది కనుక, ఈ విషయంలో ఇంటి పెద్దల అనుభవం మనలో చాలామందికి అందలేదు.

ధర కంటే ముందు వీసా సంగతి చూసుకోవాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా తుపాకీని గాని, తూటాలను గాని దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నా, న్యాయవాదిని అడిగి నిర్ధారించుకున్న తరువాతే ముందుకు వెళ్లడం మంచిది.

బోల్ట్ యాక్షన్‌లో పనంతా చేతితోనే జరుగుతుంది. బోల్ట్ (గొట్టం వెనుక భాగాన్ని మూసే లోహపు కడ్డీ) పిడిని పైకెత్తి వెనక్కి లాగితే పేలిన తూటా ఖాళీ కేసు బయటపడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కొత్త తూటా గొట్టం వెనుక చివర ఉండే గది అయిన ఛాంబర్‌లోకి చేరి బోల్ట్ బిగుసుకుంటుంది. 1898 నాటి జర్మన్ రైఫిల్ మౌజర్‌లో స్థిరపడిన ఈ అమరిక ప్రభావం 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70లోనూ స్పష్టంగా కనిపిస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో మాత్రం పేలుడు వల్ల పుట్టిన వాయువో, వెనక్కి తన్నే బలమో ఆ పని చేసిపెడుతుంది. అయినా ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలేది ఒక్క తూటాయే.

మొదటి రైఫిల్‌గా బోల్ట్ యాక్షన్‌నే నేను గట్టిగా సూచిస్తాను. జింక వేటలో ఫలితాన్ని తేల్చేది దాదాపు ఎప్పుడూ మొదటి తూటాయే. రెండోది వెంటనే అందదన్న ఎరుక గురి కుదిరేదాకా ఆగడం నేర్పుతుంది. కదిలే భాగాలు తక్కువ కనుక శుభ్రం చేయడం సులభం, ఒకే ధరలో సాధారణంగా గురి కూడా మెరుగ్గా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం భద్రత. సెమీ ఆటోమేటిక్‌లో మ్యాగజీన్ (తూటాలు నింపే పెట్టె) తీసేసినా ఛాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండవచ్చు, కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బోల్ట్ రైఫిల్‌లోనూ ఆ ప్రమాదం లేకపోలేదు గాని, బోల్ట్‌ను తెరిచి ఉంచితే పక్కనున్నవారికి కూడా అది పేలే స్థితిలో లేదని కనిపిస్తుంది. ఏ రకమైనా సరే, ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోవాలి.

సెమీ ఆటోమేటిక్ అవసరమైన సందర్భాలూ ఉన్నాయి. టెక్సస్‌లో గుంపులుగా పొలాలపై పడే అడవిపందులను అదుపు చేసేవారికి అది బాగా ఉపయోగపడుతుంది. వాయువుతో పనిచేసే రకాల్లో భుజానికి తగిలే దెబ్బ కొంత తగ్గుతుంది. అయితే ఆ ఒక్క కారణం కోసమైతే .243 వించెస్టర్ వంటి తేలికపాటి తూటా వాడే బోల్ట్ రైఫిల్ చాలు. పైగా కాలిఫోర్నియా, ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో సెమీ ఆటోమేటిక్‌లలో అనేక రకాలపై కఠినమైన నిషేధాలు ఉన్నాయి. వేటలో వాటి వాడకంపై కూడా రాష్ట్రానికో నియమం ఉంటుంది కనుక ఆ ఏటి నియమాల పుస్తకం తప్పక చదవాలి.

దుకాణంలో అనుమతి అడిగి, తుపాకీ ఖాళీ అని స్వయంగా చూసుకుని, గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు ఉంచి భుజానికి ఆనించండి. చెంపను తుపాకీ వెనుక కర్ర భాగం మీద నుంచి ఎత్తకుండా బోల్ట్‌ను పూర్తిగా ఆడించగలిగితే కొలత మీకు సరిపోయినట్టే. ఎడమచేతి వాటం వారు ఎడమవైపు బోల్ట్ ఉన్న మోడల్‌ను అడగాలి.