పాత సినిమాల యుకులేలే, 5వ పాఠం: ఫార్మ్‌బీ కుడిచెయ్యి

ఈసారి యుకులేలే మీద, అంటే నాలుగు తీగల చిన్న గిటార్‌లాంటి వాయిద్యం మీద, కుడిచేతి పని మొదలుపెట్టాలి. కానీ నాలుగో పాఠం మిగిల్చిన గొడవ తేల్చకుండా ముందుకు పోతే ఇదీ అందులోనే కొట్టుకుపోతుంది. తెర మీద ఎడమచేతి వేళ్లు చూసి కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పోల్చుకోమన్నాను. చాలామంది సరిగ్గానే పోల్చారు. 0003 కనిపిస్తే సీ, 0212 కనిపిస్తే జీ సెవెన్ (నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా ఏ ఫ్రెట్ దగ్గర, అంటే మెడ మీది ఎన్నో మెట్టు దగ్గర, వేలు ఉందో ఈ అంకెలు చెబుతాయి; సున్నా అంటే ఖాళీ తీగ). తీరా సినిమాతో కలిపి వాయిస్తే అపశ్రుతి. వేళ్లు తప్పు చదివామేమోనని అదే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ తిప్పి చూశారు. వేళ్లలో తప్పేమీ లేదు.

మొదటి కారణం చిన్నది. తెర మీది వాయిద్యం మీ శ్రుతిలో ఉండాలన్న నియమం లేదు. 1920ల అమెరికాలో నాలుగు తీగలనూ మనకంటే రెండు ఫ్రెట్లు పైకి కట్టడం మామూలు. అలా కట్టిన దాని మీద 0003 పడితే పలికేది సీ కాదు, డీ. హార్మోనియం లెక్కలో ఒకటి శ్రుతి కాస్తా రెండు అయిందన్నమాట. బ్రిటిష్ హాస్యగాయకుడు, సినిమా నటుడు జార్జ్ ఫార్మ్‌బీ అయితే వేర్వేరు శ్రుతుల్లో కట్టిన వాయిద్యాలు కొన్ని దగ్గర పెట్టుకునేవాడు. శ్రుతి మారాలంటే వేళ్లు మార్చడు, వాయిద్యాన్నే మారుస్తాడు. కాబట్టి తెర మీద చదివేటప్పుడు కార్డ్ పేరు రాసుకోకండి, అంకెలే రాసుకోండి. తేడా సరిగ్గా రెండు ఫ్రెట్లయితే రెండో ఫ్రెట్‌కి కాపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే క్లిప్పు) బిగిస్తే సరిపోతుంది.

రెండో కారణం దగ్గరే అందరూ పడ్డారు. తేడా ఒక ఫ్రెట్టూ కాదు, రెండూ కాదు, మధ్యలో ఎక్కడో ఉంది. సీ పడే చోట ట్యూనర్ (శ్రుతి చూపించే పరికరం) పెడితే సీ షార్ప్ చూపిస్తుంది, ముల్లు మాత్రం 29 సెంట్లు (ఒక ఫ్రెట్ అంటే నూరు సెంట్లు) కిందికే ఆగిపోతుంది. అది వాయిద్యం దోషం కాదు, వీడియో దోషం. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. బ్రిటన్ టీవీది అప్పట్లో పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి, సెకనుకు 25. అక్కడి పాత సినిమాలను టీవీకీ డీవీడీకీ ఎక్కించినప్పుడు 24ని 25గా పరిగెత్తించారు. నాలుగు శాతం పైచిలుకు వేగం, దాంతోపాటే శ్రుతి 71 సెంట్లు పైకి. 440 పలకాల్సిన తీగ 458 పలుకుతుంది. అప్పట్లో మన దూరదర్శన్‌దీ పాల్ పద్ధతే. చిన్నప్పుడు టీవీలో విన్న పాట క్యాసెట్‌లో కాస్త నెమ్మదిగా, బరువుగా వినిపించిందంటే ఒక కారణం ఇదే కావచ్చు. అమెరికా డీవీడీల్లో ఈ పేచీ లేదు, అక్కడ తేడా చెవికి అందనంత తక్కువ.

అసలు చిరాకు పుట్టించేది దీనికి జనం చేసే మందు. ప్లేయర్‌లో వేగం 0.95కి తగ్గించి, "అయినా కలవడం లేదు" అంటారు. కలవదు. యూట్యూబ్‌తో సహా ఇప్పటి ప్లేయర్లు చాలావరకు వేగం తగ్గించినా శ్రుతిని అక్కడే పట్టి ఉంచుతాయి, అది వాటి గొప్ప. పాట నెమ్మదిస్తుంది, 71 సెంట్లు అలాగే ఉంటాయి. 0.75కి దించినా అంతే, సగానికి దించినా అంతే. ఇంకొందరు మొదటి ఫ్రెట్‌కి కాపో పెట్టారు. అది నూరు సెంట్లు లేపుతుంది, అప్పుడు మీరే 29 సెంట్లు ఎక్కువ. దూరంగా ఉన్న అపశ్రుతి కంటే దగ్గరగా ఉన్నదే చెవిని ఎక్కువ కోస్తుంది. మరికొందరు తీగలనే ఆ మేరకు బిగించారు. తీగలకేం కాదు గానీ, తర్వాతి సినిమాకి మళ్లీ దించుకోవాలి.

చేయాల్సింది ఇది. ఆ పాట ముక్క శబ్దాన్ని ఆడాసిటీ అనే శబ్దం సవరించే ప్రోగ్రాంలో తెరవండి. వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే ఎఫెక్ట్ ఎంచుకోండి. శ్రుతి ఒక్కటే మార్చేది ఒకటుంది, వేగం ఒక్కటే మార్చేది ఇంకొకటుంది, ఆ రెండూ వద్దు. శాతం గడిలో మైనస్ 4 వేయండి. ఇరవై నాలుగుని ఇరవై అయిదుతో భాగిస్తే సరిగ్గా 0.96, అందుకే చిల్లర లేని నాలుగు. ఆ తర్వాత కూడా పది ఇరవై సెంట్ల తేడా మిగిలితే అది నిజంగా వాయిద్యానిదే. అప్పుడు తీగలు సవరించుకోండి. సినిమా పాల్ కాపీనో కాదో నిడివి చెబుతుంది: వంద నిమిషాల సినిమా తొంభై ఆరు నిమిషాలకే ముగుస్తుంది.

ఇంకొక్క మాట. 'ది జెర్క్' (1979) బీచ్ దృశ్యంలో స్టీవ్ మార్టిన్ చేతిని చూసి స్ట్రమ్ (తీగల మీద చెయ్యి ఊపి వాయించే తీరు) నేర్చుకోకండి. అక్కడ వినిపించే యుకులేలే లైల్ రిట్జ్‌ది. చెయ్యి ఒకరిది, నాదం ఇంకొకరిది.

ఇక కుడిచెయ్యి. యుకులేలే విద్వాంసుడు రాయ్ స్మెక్ 1926 వైటాఫోన్ (తొలినాటి టాకీ పద్ధతి) లఘుచిత్రంతో మొదలుపెడదామని కొందరికి ఉబలాటం. వద్దు, అది గారడీ చెయ్యి. ఫార్మ్‌బీ చెయ్యి ఒకే ఒక్క ఊపు, నేర్చుకోదగ్గది. 1930ల సినిమాల్లో అతను పాట మధ్యలో మాటలు ఆపి వాయిద్యం మీదికి దిగుతాడే, అక్కడ వినిపించేది స్ప్లిట్ స్ట్రోక్. అతని చేతిలోది బాంజోలెలే, తోలు మూత ఉన్న యుకులేలే అనుకోండి. మనకి చెక్కది చాలు. నాలుగో తీగ మాత్రం పై స్థాయి జీ అయి ఉండాలి. కింది స్థాయి జీ కట్టుకున్నవాళ్లు ఈ పాఠానికి మార్చుకోక తప్పదు. ఈ స్ట్రోక్ ప్రాణమంతా ఒకటో తీగా నాలుగో తీగా పక్కపక్క స్వరాలు కావడంలోనే ఉంది. మంద్రమైన జీ పడితే మోత తప్ప ఏమీ మిగలదు.

ఎనిమిది దెబ్బలు. చెయ్యి కిందికి, పైకి, కిందికి, పైకి, ఎక్కడా ఆగకుండా వరస మారకుండా ఊగుతుంది. చూపుడువేలు ఒక్కటే, కిందికి గోరు, పైకి కండ. తకిట తకిట తక అనుకుంటూ వేయండి.

త: కిందికి, నాలుగు తీగలూ.
కి: పైకి, ఒకటో తీగ మాత్రమే.
ట: కిందికి, నాలుగో తీగ మాత్రమే.
త: పైకి, నాలుగు తీగలూ.
కి: కిందికి, నాలుగో తీగ.
ట: పైకి, ఒకటో తీగ.
త: కిందికి, నాలుగు తీగలూ.
క: పైకి, నాలుగు తీగలూ.

బరువు మూడు 'త'ల మీదే. రెండో 'త' పైకి వచ్చే దెబ్బ. చెయ్యి అలవాటు కొద్దీ బరువు పడాల్సినప్పుడల్లా కిందికే కొట్టాలని చూస్తుంది, అందుకే అక్కడ అరక్షణం ఆగి కిందికి వస్తుంది. అంతే, తకిట విరిగి మామూలు స్ట్రమ్ అయిపోతుంది. ఆ నాలుగో దెబ్బ ఒక్కటీ విడిగా, బరువుగా పైకి లాగడం సాధన చేయండి. ఒంటి తీగ దెబ్బల్లో మీటడం ఉండదు. అదే ఊపు, లోతు మాత్రం తక్కువ. మూడో దెబ్బలో వేలు మూడో తీగను కూడా తాకిందా, తాకనివ్వండి, ఆ మాత్రం ముతకదనం వినడానికి బాగుంటుంది. తాకకూడదని బిగుసుకుపోయిన మణికట్టే ఎక్కువ చెడ్డది.

ఎడమచేతికి ఒక సవరణ. సీ (0003) మీద ఒకటో తీగ పై సీ, నాలుగోది జీ, ఈ రెంటి మధ్య దెబ్బలు నాట్యమాడతాయి. జీ సెవెన్ (0212) మీదా బాగుంటుంది. ఎఫ్‌కి వచ్చేసరికి, 2010 పడితే ఒకటో తీగా నాలుగో తీగా రెండూ ఒకే స్వరం, ఏ. దెబ్బలు విడిపోతున్నా చెవికి ఏమీ తెలియదు, స్ట్రోక్ పాడైందని చేతిని తిట్టుకుంటారు. చిటికెనవేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీద దించి 2013 చేయండి. ఏ మైనర్‌దీ అదే జబ్బు, దానికి 2003. నా వరకు 2010ని ఈ స్ట్రోక్‌తో వాడనే వాడను.

సాధన. మెట్రోనోమ్ 60, టిక్కుకి రెండు దెబ్బలు. సీ మీద అరవై నాలుగు ఆవర్తాలు ఆపకుండా, తప్పు పడితే మొదటి నుంచి. తర్వాత సీ రెండు ఆవర్తాలు, ఎఫ్ (2013) ఒకటి, జీ సెవెన్ ఒకటి, ఇదీ అరవై నాలుగు. అప్పుడు 72, 84, 100. వందకి చేరకుండా తెర వైపు చూడొద్దు.

చేరాక, ఫార్మ్‌బీ సోలో ఒకటి శబ్దం తీసేసి వీఎల్‌సీ ప్లేయర్‌లో 'E' మీట నొక్కుతూ ఫ్రేము ఫ్రేముగా జరపండి. మెట్రోనోమ్ 200 వేగంలో దెబ్బకి మూడున్నర ఫ్రేములు దొరుకుతాయి, చెయ్యి మసకబారినా పైకో కిందికో తెలిసిపోతుంది. పదహారు దెబ్బలకి దిక్కు రాసి, ఎక్కడ చెయ్యి పెద్దగా ఊగిందో అక్కడ గీత పెట్టండి. గీతలు 1, 4, 7 దగ్గర పడకపోతే మీరు ఆవర్తం మధ్యలో మొదలుపెట్టారేమో చూడండి. దెబ్బా దెబ్బా జరుపుతూ వెనక్కి వెళ్తే మూడు, మూడు, రెండు దొరికే చోటు తగులుతుంది. ఎక్కడా దొరకలేదంటే ఆ చోట అతను స్ట్రోక్ మార్చాడు. ఆ కాగితం దాచండి, ఆరో పాఠంలో ట్రిపుల్ అనే స్ట్రోక్‌కి అదే కావాలి.