బాల్టిక్ వారాంతాలు, నాలుగో పాఠం: ముందు తిరుగు బస్సు

కిందటి పాఠంలో లాత్వియా రాజధాని రిగా నుంచి యాభై కిలోమీటర్ల దూరంలోని సిగుల్డా ఊరికి సొంతంగా వెళ్లి రమ్మన్నాను. వెళ్లడం అందరూ బాగానే వెళ్లారు. వచ్చేటప్పుడే చాలామంది ఇబ్బంది పడ్డారు. సిగుల్డా పక్కనున్న తురైదా కోట దగ్గర స్టాపులో గంటకు పైగా చలిలో నిలబడ్డామని ఒకరు రాశారు. చీకట్లో రోడ్డు వార నడుచుకుంటూ సిగుల్డా స్టేషన్ చేరామని ఇంకొకరు, ఆఖరికి ట్యాక్సీకి డబ్బులు పోయాల్సి వచ్చిందని మరికొందరు. అందుకని ఈసారి చెబుదామనుకున్న టాలిన్ (ఎస్టోనియా), విల్నియస్ (లిథువేనియా) ప్రయాణాలను వచ్చే పాఠానికి జరిపాను. యాభై కిలోమీటర్ల నుంచి తిరిగి రావడం గట్టిగా వచ్చాకే మూడొందల కిలోమీటర్ల సంగతి.

మీరు పంపిన ప్లాన్లన్నీ చదివాను. అన్నిట్లో ఒకటే వరస. పొద్దున రైలు టైము, గూట్మన్ గుహ, కోట, భోజనం, ఫోటోలు, అట్టడుగున "సాయంత్రం రిటర్న్". ఆ ఒక్క ముక్కకు టైము లేదు, స్టాపు పేరు లేదు. ఇకమీదట కాగితం మీద మొదట రాయాల్సింది ఆ తిరుగు ప్రయాణమే. కోట ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉంది. ఈ వారం చూడలేకపోతే వచ్చే వారం చూడొచ్చు.

రాసే పద్ధతి ఇది. ఆ రోజు మీ ఊరికి వచ్చే ఆఖరి బండి ఏదో చూడండి. దాన్ని రాసి పక్కన "ఆపదకు" అని పెట్టండి. దాని ముందు బండి మీది. అక్కడి నుంచి వెనక్కి లెక్కించుకుంటూ రండి. ఉదాహరణకు సిగుల్డాలో మీ రైలు 17:30కి ఉందనుకోండి. తురైదా కోట నుంచి స్టేషన్‌కు సుమారు ఐదు కిలోమీటర్లు. బస్సు దొరికితే పావుగంట. నడిస్తే లోయలోకి దిగి, గౌయా నది దాటి, మళ్లీ ఎక్కాలి కాబట్టి గంటంపావు వేసుకోండి. అంటే నాలుగింటికల్లా కోట వదలాలి. బస్సు వస్తే సంతోషం, రాకపోయినా మీ రైలు మీకు అందుతుంది. బస్సు వస్తుందన్న నమ్మకం మీద లెక్క కట్టకండి, నడక మీద కట్టండి. నేనెప్పుడూ అలాగే చేస్తాను.

ఇందులో చీకటిని కూడా కలపాలి. డిసెంబరు చివర రిగాలో పగలు ఆరు గంటల నలభై నిమిషాలే. తొమ్మిదింటికి తెల్లారి, మూడూ ముప్పావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. కాబట్టి ఆ నెలలో పై లెక్క చెల్లదు, కోట రెండింటికే వదలాలి. జూన్‌లో అయితే పగలు పద్దెనిమిది గంటలకు దగ్గర, రాత్రి పదింటికి కూడా వెలుతురే. చలికాలం కోటుకు రిఫ్లెక్టర్ తగిలించుకోవడం గురించి రెండో పాఠంలోనే చెప్పాను. ఊరి బయట రోడ్డు మీద చీకట్లో అది లేకుండా నడవకండి.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. మీలో ఎక్కువమందిని స్టాపులో నిలబెట్టింది చలీ కాదు, ఆలస్యమూ కాదు. టైమ్‌టేబుల్లో ఒక చిన్న అంకె.

ఊరి బయట స్టాపుల్లో స్తంభానికి ప్లాస్టిక్ తొడుగులో ఒక కాగితం ఉంటుంది. లోపల చెమ్మ పట్టి, చలికాలం పైన మంచు పేరుకుని ఉంటుంది. చేతి గ్లవ్‌తో తుడిచి ఫోన్ లైటు వేస్తే గానీ కనపడదు. బస్సు టైము పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కనో, పైనో చిన్నగా "1–6" అనో, "1–5" అనో, ఒంటరిగా "7" అనో ఉంటుంది. మీరు టైము చూశారు, ఆ అంకెను కూడా చూశారు. కానీ మన లెక్కలో చదివారు.

మన గోడ క్యాలెండర్‌లో వారం ఆదివారంతో మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి ఆది, సోమ, మంగళ అనే లెక్క పెట్టుకున్నాం. అందుకే 1 అనగానే బుర్ర ఆదివారం అంటుంది. లాత్వియా, ఎస్టోనియా, లిథువేనియా, ఈ మూడు దేశాల్లోనూ 1 అంటే సోమవారం. 6 శనివారం, 7 ఆదివారం. ఆదివారం నాడు తురైదాలో నిలబడి "1–6" చూసినవాళ్లు ఆది నుంచి శుక్రవారం దాకా అనుకుని ఆ బస్సు కోసం ఎదురుచూశారు. అది సోమ నుంచి శని దాకా తిరిగే బస్సు. దాని కింద వరసలో ఒంటరిగా "7" అని ఉన్నది శనివారం బస్సని వదిలేశారు. నిజానికి ఆ రోజుకు బస్సంటూ ఉంటే అదొక్కటే. ఇద్దరు ముగ్గురి ఉత్తరాలు చదివాక ఇదే జరిగిందని నాకు అర్థమైంది. ఇంత చిన్న విషయానికి మనిషి గడ్డకట్టే చలిలో నిలబడాల్సి రావడం నాకు చాలా బాధగా అనిపించింది.

ఈ అంకెలు బస్సులతో ఆగవు. లైబ్రరీ, క్లినిక్, పోస్టాఫీసు, మందుల షాపు తలుపుల మీద కూడా ఇవే. లిథువేనియాలో తరచుగా రోమన్ అంకెల్లో రాస్తారు, లెక్క మాత్రం ఒకటే.

అంకెల బదులు అక్షరాలు ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. ప్రతి దేశం తన భాషలోని రోజు పేరుకు మొదటి అక్షరం వేస్తుంది. లాత్వియాలో ఒంటరిగా "పీ" ఉంటే సోమవారం. అదే "పీ" ఎస్టోనియాలో ఆదివారం. "టీ" ఎస్టోనియాలో మంగళవారం, లాత్వియాలో బుధవారం. లాత్వియాలో "ఎస్" శనివారం, పక్కన ఇంకో అక్షరం కలిసి "ఎస్‌వీ" అయితే ఆదివారం. లిథువేనియాలో "పీఆర్" సోమవారం, "పీఎన్" శుక్రవారం. ఎస్టోనియా, లాత్వియా సరిహద్దులోని వాల్గా స్టేషన్ లాంటి చోట ఒక గోడ మీద ఎస్టోనియా కాగితం, దాని పక్కనే లాత్వియా కాగితం ఉంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇవన్నీ బట్టీ పట్టమని నేను అడగను. నా అడ్డదారి ఒకటుంది. రోజులన్నీ వరసగా ఉన్న కాగితమైతే ఏ దేశంలోనైనా ఆఖరిది ఆదివారం, దాని ముందుది శనివారం. చివరి నుంచి వెనక్కి చదవండి, మనకు కావాల్సిన రెండు రోజులూ అక్కడే ఉంటాయి. వరసగా లేకపోతే స్టాపులో ఉన్నవాళ్లకు ఫోన్‌లో ఆ రోజు తేదీ చూపించి, టైము మీద వేలు పెట్టి అడగండి. తల ఊపుతారు, లేదా అడ్డంగా తిప్పుతారు. భాష రాకపోయినా ఆ సమాధానం చాలు.

ఇంటి దగ్గరే చూసుకున్నామని చెప్పినవాళ్లకు ఇంకో మాట. లాత్వియా బస్సులు, రైళ్లకు 1188 సైటు, ఎస్టోనియాకు పేటస్ (peatus.ee) సైటు వాడమన్నాను. గురువారం రాత్రి తెరిచి చూస్తే అవి గురువారం, శుక్రవారం బండ్లే చూపిస్తాయి. వెళ్లే తేదీ పెట్టి వెతకాలి. స్క్రీన్‌షాట్ తీసినా తేదీ కూడా కనపడేలా తీయండి.

పండగ రోజుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సంక్రాంతికి ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తుంది కాబట్టి పండగంటే బస్సులు ఎక్కువని మన అలవాటు. ఇక్కడి పల్లె బస్సులు సెలవు రోజున తగ్గుతాయి. నవంబరు 18న, జూన్ 23, 24 తేదీల్లో లాత్వియాలో సెలవు. అది బుధవారమే అయినా ఆదివారం టైములు నడుస్తాయనుకుని ప్లాన్ వేసుకోండి. ఇంకా, మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాల్లో గడియారం గంట జరుగుతుంది. ఆ తెల్లవారుజామున బస్సు టికెట్ కొనకండి.

రెండు బండ్లు మారాల్సిన చోట అరుదైన బండే మీ యజమాని. రుండాలే ప్యాలెస్ మంచి ఉదాహరణ. సెయింట్ పీటర్స్‌బర్గ్ వింటర్ ప్యాలెస్ కట్టిన రస్ట్రెల్లీయే దీన్నీ కట్టాడు. అది బౌస్కా పట్టణం నుంచి సుమారు పన్నెండు కిలోమీటర్లు. రిగా నుంచి బౌస్కాకు బస్సులు ధారాళంగా ఉంటాయి కాబట్టి అందరూ వాటినే చూసుకుంటారు. ప్యాలెస్ నుంచి బౌస్కాకు వచ్చే బస్సులు తక్కువ. ఆ బస్సు దొరికాకే రిగా బస్సు వెతకండి. కుల్దీగా వెళ్లేవాళ్లు వెంటా జలపాతం దగ్గర ఎంతసేపు కూర్చోవాలో కూడా తిరుగు బస్సే నిర్ణయిస్తుంది. అక్కడికి మీరు ఎక్కే రైలు లేదు. ఒకరు ఎస్టోనియాలోని పర్నుకు రైల్లో వెళ్దామని రాశారు. ఆ రైలు 2018 డిసెంబరులోనే ఆగిపోయింది, బస్సే గతి. విల్నియస్‌లో ఉండేవాళ్లకు ట్రకాయ్ ఇంత కష్టం కాదు, దాని గురించి చెప్పేదేమీ లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సిగుల్డా వదిలి త్సేసిస్ వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. అదే రైల్వే లైను, ఇంకాస్త దూరం. స్టేషన్ నుంచి కోటకు నడిచి వెళ్లొచ్చు, మధ్యలో ఇంకో బస్సుతో పనిలేదు. శిథిలమైన ఆ కోట బురుజు ఎక్కడానికి వెలిగించిన కొవ్వొత్తి పెట్టిన లాంతరు చేతికిస్తారు. లోపల మెట్లు ఇరుకు, ఆ వెలుగులో ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాలి. ఆ ఒక్కదాని కోసమైనా వెళ్లాలి. ఇంకోటి, నేను శనివారమే వెళ్తాను, ఆదివారం వెళ్లను. శనివారం బండి తప్పితే చేతిలో ఇంకో రోజుంటుంది. పైగా ఆదివారం సాయంత్రం ఇళ్ల నుంచి యూనివర్సిటీలకు తిరిగొచ్చే విద్యార్థులతో బస్సులు నిండిపోతాయి.

భోజనం గురించి అడిగిన శాకాహారులకు: పులిహోర కట్టుకెళ్లండి. లాత్వియాలో బూడిద రంగు బఠాణీల కూర చూసి శనగలనుకుంటారు, అందులో పంది మాంసం ముక్కలు వేస్తారు. ట్రకాయ్‌లో కజ్జికాయలా కనిపించే కిబినాయ్ లోపల సాధారణంగా మాంసమే ఉంటుంది. కూరగాయలు పెట్టినవీ దొరుకుతాయి, అడిగి తీసుకోండి.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నాను. ఒక శనివారం రిగా నుంచి వాల్గా వెళ్లి, అదే రోజు తిరిగి రావాలి. రైల్లో సుమారు మూడు గంటలు. సిగుల్డా, త్సేసిస్, వల్మియెరా మీదుగా వెళ్లి, దిగేసరికి ఎస్టోనియాలో ఉంటారు. 1920లో గీసిన సరిహద్దు ఆ ఊరిని వాల్గా, వల్కా అని రెండు దేశాలకు పంచింది. 2007 డిసెంబరు 21న మూడు దేశాలూ షెంగెన్‌లో (మామూలుగా సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి) చేరాక అక్కడ గేట్లు లేవు. గేట్లు లేవు కదాని రెసిడెన్స్ కార్డు ఒక్కటే జేబులో వేసుకుని బయల్దేరకండి. మనం పాస్‌పోర్ట్, కార్డు రెండూ దగ్గర ఉంచుకోవాలి. అప్పుడప్పుడూ తనిఖీలు ఉంటాయి. కార్డు గడువు తీరిపోయి కొత్తదానికి అప్లై చేసి ఉన్నవాళ్లు ఈ అభ్యాసం మానేసి త్సేసిస్ వెళ్లండి.

ముందుగా కాగితం మీద మూడు తిరుగు దారులు రాయండి. మీ రైలు, ఆపదకు ఆఖరి రైలు, రెండూ తప్పితే వల్కా వైపు నుంచి బస్సు. వాల్గా స్టేషన్లో దిగాక ఫోన్ మ్యాపు తీయకుండా అక్కడున్న టైమ్‌టేబుళ్లు చదివి మీ కాగితంతో సరిచూడండి. తేడా వస్తే ఏ అంకెను, ఏ అక్షరాన్ని ఎలా చదివారో పక్కనే రాసుకోండి. తర్వాత నడిచి సరిహద్దు దాటి, వల్కాలో ఒక బస్‌స్టాపు వెతికి, అక్కడ శనివారం బస్సులు ఎన్ని, ఆదివారం ఎన్ని అని లెక్కపెట్టి రండి.

ప్లాన్ కాగితం ఫోటో శుక్రవారం రాత్రి ఎనిమిదింటి లోపు నాకు చేరాలి. మూడు దారుల్లోనూ టైము, స్టాపు పేరు, రోజు అంకె ఉండాలి. వాటిలో ఒక్కటి లేకపోయినా ఆ శనివారం బయల్దేరకండి, కాగితం సరిచేసి వచ్చే శనివారం వెళ్లండి.