గిఫ్ట్ కార్డులో డబ్బు చివరి రూపాయి వరకూ ఎలా వాడుకోవాలి?

మొన్న సంక్రాంతికి పాలకొల్లు వెళ్లినప్పుడు మా బాబాయి బీరువాలో ఎల్‌ఐసీ బాండ్ల కవరు కింద నాలుగు గిఫ్ట్ కార్డులు కనిపించాయి. ఒకటి రొయ్యల మేత కంపెనీ వాళ్లు డీలరు చేత ఇప్పించింది. ఇంకొకటి ఏసీ కొన్నందుకు క్యాష్‌బ్యాక్ అని వచ్చింది. మిగతా రెండూ పుణెలో ఉద్యోగం చేస్తున్న బాబాయి కూతురికి, అంటే మా చెల్లెలికి, ఆఫీసులో దీపావళికి ఇస్తే, నాన్న వాడుకుంటారని పంపింది.

"అవి పనిచెయ్యవురా. రెండు సార్లు గీకించాను, బ్యాలెన్స్ లేదన్నారు" అన్నాడు బాబాయి.

ఆ మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. నాలుగింటిలో కలిపి 7,637 రూపాయలు ఉన్నాయి. ఒక కార్డులో 3,000 అలాగే ఉంది. ఒకటి 2,500 రూపాయలది, అసలు యాక్టివేట్ చేయలేదు. ఒకదాంట్లో 137 మిగిలింది. ఏసీ వాళ్ల 2,000 రూపాయల కార్డు గడువు దాటిపోయింది. రొయ్య ధర పడిపోయిన ఏడాది చెరువు మీద బతికే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు. మన జిల్లాల్లో మేత డీలర్లు, ఎరువుల షాపుల వాళ్లు, పెయింటర్లు, తాపీ మేస్త్రీలు చాలామంది ఇళ్లల్లో ఇలాంటి కార్డులు మూలన పడి ఉంటాయి. మేం ఆ నాలుగింటినీ ఎలా ఖాళీ చేశామో వరసగా చెబుతాను.

1. ముందు అది ఏ రకం కార్డో చూడండి

కార్డు మీద రూపే, వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తుల్లో ఏదైనా ఉంటే, స్వైప్ మిషన్ ఉన్న దాదాపు ఏ షాపులోనైనా గీకవచ్చు. ఆ గుర్తు లేకుండా ఒక షాపు పేరో, ఒక బట్టల బ్రాండు పేరో మాత్రమే ఉంటే అది అక్కడే చెల్లుతుంది. కొన్ని కార్డులు ప్లాస్టిక్ రూపంలో రావు, ఎస్సెమ్మెస్‌లోనో ఈమెయిల్‌లోనో నంబరుగా వస్తాయి. వాటిని మర్చిపోవడం ఇంకా తేలిక. ఫోన్‌లో 'గిఫ్ట్ కార్డ్', 'వోచర్' అని ఇంగ్లీషులో కొట్టి పాత మెసేజీలు ఒకసారి వెతకండి.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి డాలర్ల కార్డు తెచ్చి ఇస్తే మాత్రం ఇక్కడ వాడాలని చూడకండి. అక్కడి గిఫ్ట్ కార్డులు చాలావరకు ఆ దేశంలోనే పనిచేస్తాయి. ఇంకో సంగతి కూడా వాళ్లకి చెప్పండి. అక్కడ డబ్బు పెట్టి కొన్న గిఫ్ట్ కార్డులో సొమ్ముకి చట్టప్రకారం కనీసం 5 ఏళ్ల గడువు ఉంటుంది. ఫోనో టైర్లో కొన్నప్పుడు రిబేటుగా వచ్చే కార్డుకి ఆ రక్షణ వర్తించదు, గడువు నెలల్లోనే అయిపోవచ్చు. అందుకని రిబేటు కార్డునే ముందు ఖర్చు చేసేయాలి.

2. వచ్చిన రోజే యాక్టివేట్ చేసి, బ్యాలెన్స్ కార్డు మీద రాయండి

కార్డు వెనక వెబ్‌సైటు, ఫోన్ నంబరు అచ్చు వేసి ఉంటాయి. అందులో మీ మొబైల్ నంబరు రిజిస్టర్ చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో వాడినప్పుడు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. మా చెల్లెలు పంపిన కార్డుకి తన నంబరే ఉంది. బాబాయి ఇక్కడ కొనబోతే ఓటీపీ అక్కడ పుణెలో మోగేది. కాబట్టి ఎవరైనా ఇచ్చిన కార్డయితే ఏ నంబరుతో ఉందో ముందే అడగండి.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో మాత్రం వెతకకండి. దొంగ నంబర్లు పెట్టుకుని కాచుకుని ఉంటారు. కార్డు మీద ఉన్న నంబరుకే చేయండి. కార్డు వెనకున్న మూడంకెల సీవీవీ, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, కార్డు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బ్యాలెన్స్ తెలిశాక, సీడీల మీద రాసే మార్కర్‌తో కార్డు మీదే అంకె, తేదీ రాయండి. వాడినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది వేయండి. మేం మేత కంపెనీ కార్డు మీద "3,000, వాడాల్సిన గడువు ఆగస్టు" అని రాశాం. ఇంతకంటే ఉపయోగపడిన పని ఇంకోటి లేదు.

3. స్కానర్ కాదు, మిషన్ ఉన్న షాపుకి వెళ్లండి

గోదావరి జిల్లాల్లో ఇప్పుడు కొబ్బరిబొండాల బండి దగ్గర కూడా ఫోన్‌పే స్కానర్ ఉంటుంది. కానీ గిఫ్ట్ కార్డు సాధారణంగా ఆ స్కానర్‌కి పనికిరాదు. అది బ్యాంకు ఖాతా కాదు కాబట్టి మామూలుగా యూపీఐకి కలపలేం. కోనసీమలో ఏ లంక గ్రామంలోనో ఉన్నవాళ్లకి ఇదే అసలు ఇబ్బంది. ఊళ్లో కిరాణా కొట్లో మిషన్ ఉండదు, కార్డు వాడాలంటే అమలాపురమో రావులపాలెమో పోవాలి. దానికోసమే బస్సెక్కడం దండగ. వేరే పనిమీద టౌనుకి వెళ్లే రోజు కార్డు జేబులో పెట్టుకోండి. మెడికల్ షాపులు, సూపర్ మార్కెట్లు, చెప్పుల షాపులు, పెద్ద బట్టల షాపుల్లో మిషన్ ఉంటుంది.

ఏటీఎంలో పెట్టి డబ్బు తీయడం కుదరదు. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలకి మించకూడదు, మళ్లీ నింపకూడదు, నగదుగా మార్చకూడదు, ఇంకొకరి ఖాతాకి పంపకూడదు. వాలెట్‌లోకి ఎక్కించబోయినా చాలాసార్లు తిప్పికొడుతుంది. గడువు లోపల ఒకే ఒక్క వెసులుబాటు ఉంది. కార్డు ఉన్నవాళ్లు ఒప్పుకుంటే, ఆ డబ్బు ఏ ఖాతా నుంచి వేశారో ఆ ఖాతాకే వెనక్కి పంపవచ్చు. ఇంట్లోవాళ్లే కొనిచ్చిన కార్డయితే ఇది గుర్తుపెట్టుకోండి.

4. గీకే ముందే అంకె చెప్పండి

నా దృష్టిలో ఈ కార్డులు పాడుపడటానికి కారణం ఈ ఒక్క చోటే ఉంది.

రెండేళ్ల కిందట రాజమండ్రి తాడితోటలో పిన్ని చీర కొంది. బిల్లు 2,850. చేతిలో ఉన్న కార్డులో 2,000. కౌంటర్లో కుర్రాడు మొత్తం 2,850 కొట్టి గీకాడు. డిక్లైన్. మళ్లీ గీకాడు, మళ్లీ అంతే. "బ్యాలెన్స్ లేదండి" అని కార్డు తిరిగి ఇచ్చేశాడు. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. పిన్ని ముఖం ఎర్రబడింది. గబగబా నగదు తీసి ఇచ్చి బయటికి వచ్చేసింది. ఆ తర్వాత ఇక ఏ కార్డూ బయటికి తీయలేదు. బాబాయి "పనిచెయ్యవు" అన్నదీ ఇందుకే.

అసలు జరిగింది చాలా చిన్నది. బిల్లు కార్డులో ఉన్నదానికంటే ఒక్క రూపాయి ఎక్కువైనా మిషన్ మొత్తాన్నీ కాదంటుంది. ఉన్నంత తీసుకుని మిగతాది అడగదు. ఆ అంకె కౌంటర్లో ఉన్న మనిషే కొట్టాలి, ఆ మనిషికి మన కార్డులో ఎంతుందో తెలియదు. అందుకని కార్డు చేతికి ఇవ్వకముందే ఇలా చెప్పండి: "బాబూ, ఈ కార్డులో రెండు వేలు మాత్రమే గీకండి. మిగతా ఎనిమిది వందల యాభై ఫోన్‌పే చేస్తాను." ముందు కార్డు, తర్వాతే ఫోన్‌పే. మొదట ఫోన్‌పే చేసేసి, తీరా కార్డు పనిచేయకపోతే మళ్లీ టెన్షన్. కొన్ని షాపుల్లో సాఫ్ట్‌వేర్ బిల్లుని రెండుగా తీసుకోదు. అప్పుడు సరుకుల్నే రెండు బిల్లులుగా వేయమనండి.

సంక్రాంతి తర్వాత పిన్నిని వెంటబెట్టుకుని భీమవరం వెళ్లి, ఇంటికి కావలసిన నూనె, పప్పులు కొని, 3,000 కార్డు ఇలాగే వాడించాను. మాట తనచేతే చెప్పించాను. మిషన్‌లోంచి చీటీ బయటికి వచ్చేదాకా దానివైపే చూస్తూ నిలబడింది.

ఆన్‌లైన్‌లో ఇంకో ఇబ్బంది. రెండు కార్డులతో ఒకే బిల్లు కట్టనిచ్చే సైట్లు తక్కువ. అక్కడ కార్డుతో నేరుగా వస్తువు కొనకండి. ముందు ఆ సైటు వాళ్ల సొంత వోచర్‌ని, మీ కార్డులో ఎంతుందో సరిగ్గా అంత మొత్తానికి కొనండి. దాన్ని మీ అకౌంట్‌కి కలిపేసుకుంటే ఆ సొమ్ము అక్కడ ఉంటుంది. తర్వాత ఏదైనా కొన్నప్పుడు అది పోను మిగతాది యూపీఐతో కట్టవచ్చు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటివాటిలో వోచర్ డబ్బుని వేరే చెల్లింపుతో కలపవచ్చు. కొన్ని కార్డులతో వోచర్ కొననివ్వరు, అప్పుడు షాపు దారే. చెల్లెలి 2,500 కార్డు మాకు ఈ పద్ధతిలోనే తీరింది. తను పుణె నుంచి ఓటీపీ చెబితే ఇక్కడ కొట్టాం.

5. మిగిలిన చిల్లర

137 రూపాయలకి ప్రత్యేకంగా ఏదీ కొనకండి. బాబాయి నెలనెలా బీపీ మాత్రలు కొనే మెడికల్ షాపులో 137 గీకించి మిగతాది నగదు ఇచ్చాం. పెట్రోలు బంకు నాకు నచ్చదు. సర్‌చార్జీ పేరుతో కొంత కలిస్తే, సరిగ్గా ఉన్నంత కొట్టించిన లావాదేవీ ఫెయిలవుతుంది. హోటల్ గదులకీ వద్దు, అడ్వాన్సు కింద ఎక్కువ మొత్తం ఆపి పెడతారు.

6. ఖాళీ అయినా పారేయకండి

ఒకసారి గిఫ్ట్ కార్డుతో రైలు టికెట్లు తీసి, కార్డు ఖాళీ అయిందని కత్తిరించి పారేశాను. వారం తిరక్కుండా ప్రయాణం ఆగిపోయింది, టికెట్లు క్యాన్సిల్ చేశాను. రీఫండ్ ఆ కార్డుకే వెళ్లింది. నంబరు కూడా నా దగ్గర లేదు. ఆ 1,100 రూపాయలు నాకు ఇప్పటికీ రాలేదు. కొన్నది వెనక్కిచ్చే అవకాశం ఉన్నంతకాలం కార్డు దాచండి.

7. గడువు దాటిపోతే

ఇక్కడే చాలామంది ఆశ వదిలేసుకుంటారు, వదులుకోవద్దు. బ్యాంకులు, రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న సంస్థలు ఇచ్చిన ప్రీపెయిడ్ కార్డులకి (ముందే డబ్బు నింపి ఇచ్చేవి, గిఫ్ట్ కార్డులూ వీటిలోవే) కనీసం ఏడాది గడువు ఉండాలి. గడువుకి ముందు 45 రోజుల్లో ఎస్సెమ్మెస్‌తోనో ఈమెయిల్‌తోనో హెచ్చరించాలి. గిఫ్ట్ కార్డయితే మనం అడిగితే గడువు పొడిగించవచ్చు, కొత్త కార్డూ ఇవ్వవచ్చు. గడువు తీరిన తేదీ నుంచి కనీసం 3 ఏళ్ల వరకు ఆ సొమ్ముని సంస్థ తన లాభంలో కలుపుకోకూడదు. గడువు తర్వాత రీఫండ్ అడిగితే మన బ్యాంకు ఖాతాకి వేయాలి. ఒక షాపు తన సరుకులకే ఇచ్చిన వోచర్ ఈ నిబంధనల కిందికి రాదు. దానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

కార్డు వెనక చిన్న అక్షరాల్లో, దాన్ని జారీ చేసిన బ్యాంకు లేదా సంస్థ పేరు ఉంటుంది. రాయాల్సింది వాళ్లకి, ఏసీ కంపెనీకి కాదు. ఈమెయిల్‌లోనే రాయండి, ఫోన్‌లో చెప్పినదానికి రుజువు ఉండదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి, ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో వివరం చెబుతారు.

బాబాయి ఏసీ కార్డుకి మేం పంపినది ఇంతే: "నా కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. ఇందులో 2,000 రూపాయలు ఉండగా గడువు ముగిసింది. గడువు పొడిగించండి, లేదా ఈ మొత్తాన్ని కింది బ్యాంకు ఖాతాకి జమ చేయండి. నా రిజిస్టర్డ్ మొబైల్ నంబరు ఇది." కార్డు పూర్తి నంబరు, సీవీవీ రాయలేదు. పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటో జతచేశాం. మొదటి ఈమెయిల్‌కి జవాబు రాలేదు. పద్దెనిమిదో రోజున అదే ఉత్తరం కింద ఇంకో వాక్యం కలిపి పంపాం: "30 రోజుల్లో పరిష్కారం కాకపోతే అంబుడ్స్‌మన్‌కి వెళతాను." నాలుగు రోజులకి డబ్బు బాబాయి ఖాతాలో పడింది.