టెక్సస్ హైస్కూల్లో పిల్లల క్రెడిట్ల లెక్క ఎలా చూసుకోవాలి?

మన దగ్గర ఇంటర్‌లో ఎంపీసీయో బైపీసీయో తీసుకుంటే సబ్జెక్టులన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. ఏం చదవాలన్నది మనం ఆలోచించే పనే ఉండదు. డల్లాస్ శివార్లలో ఫ్రిస్కో, ప్లానో లాంటి ఊళ్ల పబ్లిక్ హైస్కూల్లో పిల్లల్ని చేర్చాక తికమక మొదలయ్యేది అక్కడే. ఇక్కడ లెక్కలోకి వచ్చేది క్లాసు కాదు, సబ్జెక్టు. ఏడాది పొడవునా చదివే సబ్జెక్టుకు ఒక క్రెడిట్, సెమిస్టర్‌తో అయిపోయేదానికి అర క్రెడిట్. నైన్త్ నుంచి ట్వెల్త్ దాకా అవి కూడితేనే డిప్లొమా. పిల్లల కోర్సుల సంగతి చూసే స్కూలు కౌన్సిలర్ చూస్తారు, నిజమే. కానీ ఆవిడ చేతిలో వందల మంది పిల్లలుంటారు. అందుకే ఒక లెక్క మన దగ్గరా ఉండాలి.

1. ముందు ఒక కాగితం మీద గళ్లు గీయండి

రాష్ట్రం అడిగే కనీసం 22 క్రెడిట్లు. ఎండార్స్‌మెంట్ (డిప్లొమాకు తోడయ్యే ఒక ప్రత్యేక విభాగం, మన గ్రూపు లాంటిది) కావాలంటే 26. మీరు 26కే గీయండి: ఇంగ్లిష్ 4, మ్యాథ్స్ 4, సైన్స్ 4, సోషల్ స్టడీస్ 3, ఇంగ్లిష్ కాకుండా వేరే భాష 2, ఫైన్ ఆర్ట్స్ 1, పీఈ (వ్యాయామం) 1, ఎలెక్టివ్స్ (మనం ఎంచుకునేవి) 7. సోషల్‌లో యూఎస్ హిస్టరీ ఒకటి, వరల్డ్ హిస్టరీ లేదా వరల్డ్ జాగ్రఫీ ఒకటి, గవర్నమెంట్ అర, ఎకనామిక్స్ అర. వీటిపైన స్కూల్ డిస్ట్రిక్ట్ ఇంకేమైనా అడుగుతుందా అన్నది కోర్స్ కేటలాగ్‌లో చూసుకోవాలి.

మా ఇంట్లో ఈ కాగితం నాలుగేళ్లూ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. సెమిస్టర్ అయిపోగానే ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కులు, క్రెడిట్ల పట్టిక) చూసి, క్రెడిట్ వచ్చిన గడిలో పెన్సిల్‌తో టిక్ పెట్టేవాణ్ణి. ఎయిత్‌లోనే ఆల్జీబ్రా 1 పూర్తి చేసిన పిల్లలకు మ్యాథ్స్‌లో మొదటి గడి హైస్కూల్ గడప తొక్కకముందే నిండుతుంది.

2. ఎండార్స్‌మెంట్ ఎంచుకోండి

నైన్త్‌లో చేరేటప్పుడే ఇది రాతపూర్వకంగా చెప్పాలి. మొత్తం ఐదు: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ. తర్వాత మార్చుకోవచ్చు కాబట్టి ఎంపీసీ, బైపీసీ అంత టెన్షన్ అక్కర్లేదు. మన ఇళ్లలో చాలామంది మిగతా నాలుగింటి పేర్లు కూడా చదవకుండా స్టెమ్‌కే టిక్ పెడతారు. పెట్టే ముందు ఒకటి చూసుకోండి: దానికి ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడూ తప్పనిసరి.

ఎండార్స్‌మెంట్‌తో పాటు ఆల్జీబ్రా 2 కూడా ఉంటే 'డిస్టింగ్విష్డ్ లెవెల్' వస్తుంది. క్లాసులో మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటిచ్చే నియమం వర్తించాలంటే ఇది ఉండాల్సిందే. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ మాత్రం 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి దాన్ని ఐదు శాతానికి తగ్గించింది.

3. ఏపీలు లెక్కపెట్టుకుని తీసుకోండి

ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే క్లాసులు. క్లాసులో ర్యాంకు జీపీఏని (గ్రేడ్ల సగటు) బట్టి వస్తుంది, జీపీఏలో ఏపీ క్లాసులకు ఎక్కువ బరువు ఉంటుంది. అందుకే ఎవరో ఆరు తీసుకున్నారని మనమూ ఆరు తీసుకోవడం. నా మటుకు నాకు టెన్త్‌లో ఒకటి రెండు చాలు. ఏడాదంతా చదివాక పరీక్షలన్నీ మే నెలలో వరసపెట్టి మీద పడతాయి, ఆ రెండు వారాలు ఇల్లు ఇల్లులా ఉండదు.

4. భాష గడి దగ్గర కాస్త ఆగండి

ఒకే భాషలో రెండు స్థాయిలు పూర్తి చేయాలి. ఎక్కువమంది స్పానిష్ తీసుకుంటారు. అయితే పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే పద్ధతి కూడా ఉంది, కొన్ని డిస్ట్రిక్ట్‌లు తెలుగుకూ ఇస్తాయి. మీ కౌన్సిలర్‌కు మెయిల్ పెట్టి అడగండి. ఇంట్లో గలగలా మాట్లాడతాడు కదా అని ధీమా పడొద్దు. చదవడం, రాయడం కూడా చూస్తారు. ఒత్తులు, గుణింతాలు పరీక్షకు ముందొచ్చే వేసవిలోనే కూర్చోబెట్టి దిద్దించాలి.

5. టికెట్లు కొనేముందు హాజరు చూడండి

మార్కులు ఎన్ని వచ్చినా, క్లాసు జరిగిన రోజుల్లో కనీసం 90 శాతం హాజరు లేకపోతే టెక్సస్‌లో ఆ క్రెడిట్ ఆగిపోతుంది. సెమిస్టర్‌కు సుమారు ఎనిమిది రోజులు దాటితే చిక్కే. మేము బావమరిది పెళ్లికని జనవరిలో విజయవాడ వెళ్లి, వ్రతమనీ మనుగుడుపులనీ ఇంకో వారం ఉండిపోయాం. తిరిగొచ్చేసరికి స్కూలు ఉత్తరం సిద్ధంగా ఉంది. అన్నిట్లో తొంభైలు వచ్చిన పిల్లాడు ఆ గంటలు పూడ్చడానికి నాలుగు శనివారాలు స్కూల్లో కూర్చున్నాడు. ఆ నాలుగు శనివారాలూ కార్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

6. ఐదు స్టార్ పరీక్షలు

స్టార్ అంటే రాష్ట్రం పెట్టే పరీక్షలు. హైస్కూల్లో ఐదు: ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, యూఎస్ హిస్టరీ. క్రెడిట్లన్నీ ఉన్నా ఇవి పాసవ్వాలి. తప్పితే మళ్లీ రాసుకోవచ్చు. రెండింటి దాకా మిగిలిపోతే స్కూలు కమిటీ ఆ పిల్లల కేసు విడిగా చూసే వీలుంది. ఇండియా నుంచి మధ్యలో వచ్చి చేరిన పిల్లలకు ఎక్కువగా అడ్డుతగిలేది యూఎస్ హిస్టరీ. ముందునుంచే చదివించండి. అలా వచ్చేవాళ్లు నైన్త్, టెన్త్ మార్కుల లిస్టులు అసలువి చేతి సంచిలోనే పెట్టుకు రావాలి, పాత క్రెడిట్లు వాటిని చూసే ఇస్తారు.

7. సీనియర్ ఇయర్‌లో (ట్వెల్త్‌లో) ఒక ఫారం

చదువుతో సంబంధం లేని షరతు ఇది. ఫాఫ్సా అనే ఆర్థిక సాయం దరఖాస్తు నింపాలి. హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చేది) మీదున్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు కనుక, అర్హత ఉంటే రాష్ట్రానిదైన టాస్ఫా నింపవచ్చు. రెండూ వద్దనుకుంటే తల్లో తండ్రో సంతకం చేసే ఆప్ట్ అవుట్ ఫారం ఒకటుంది, ఒకే పేజీ. 'మనకు రాదులే' అని ఏదీ ఇవ్వకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. మే నెలలో స్కూలు నుంచి ఫోన్ రాకముందే, ఫాల్‌లోనే కౌన్సిలర్‌కు ఇచ్చేసి ఆ గడిలో కూడా టిక్ పెట్టండి.