టెక్సాస్‌లో సిటీ కౌన్సిల్ ముందు మాట్లాడాలంటే: స్పీకర్ కార్డు ఎలా పెట్టుకోవాలి

ఇంటి వెనక ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు కడతారట అని వాట్సాప్ గ్రూపులో గోల చేస్తాం. అదే మాట సిటీ కౌన్సిల్ ముందు చెప్పడానికి కావాల్సింది ఒక చిన్న ఫారం, స్పీకర్ కార్డు. సిటిజన్ అయి ఉండాలన్న రూలేం లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లూ, పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలూ మాట్లాడొచ్చు.

ముందు అజెండా చూడండి. మీటింగ్‌కు కనీసం మూడు పనిదినాల ముందే దాన్ని బయటపెట్టాలి (2025 సెప్టెంబర్ వరకు 72 గంటలు చాలేది). మీ విషయం ఏ నంబరు కింద ఉందో రాసుకోండి, కార్డులో ముఖ్యంగా అడిగేది అదే. జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నిబంధన) మార్పైతే ఆ స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్నవాళ్లకు హియరింగ్‌కు పది రోజుల ముందు సిటీ నుంచి ఉత్తరం వస్తుంది. పిజ్జా కూపన్లతో కలిపి చెత్తలో పడేసేది తరచూ దాన్నే. ఆ మొదటి హియరింగ్ ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్‌లో జరుగుతుంది. ముందు వెళ్లాల్సింది అక్కడికే. కౌన్సిల్ దాకా ఆగకండి.

కార్డులో పేరు, అడ్రస్, ఐటెం నంబరు, అనుకూలమా వ్యతిరేకమా అన్నది రాయాలి. కొన్ని సిటీల్లో ఆన్‌లైన్‌లో ముందే పంపాలి, కొన్నిచోట్ల మీటింగ్ మొదలయ్యేలోపు హాల్లో ఇస్తే చాలు. మీ ఊరి పద్ధతి అజెండాలోనే రాసి ఉంటుంది, లేదంటే సిటీ సెక్రటరీ ఆఫీసుకు ఫోన్ చేయండి.

మాట్లాడే టైమ్ చాలా ఊళ్లలో మూడు నిమిషాలు. ఇక్కడే మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, అజెండాలోని విషయం మీద అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు టైమ్ ఇవ్వాలి, హెడ్‌ఫోన్లలో అప్పటికప్పుడు అనువాదం వినిపించే ఏర్పాటు ఉంటే తప్ప. అంటే మామగారు తెలుగులో ఒక్కో వాక్యం చెబుతుంటే కోడలు ఇంగ్లీషులో చెప్పొచ్చు, మూడు నిమిషాలు ఆరవుతాయి. కార్డు ఇచ్చేటప్పుడే ఆ సంగతి చెప్పండి. అనువదించేవాళ్లను మీరే తీసుకెళ్లడం మంచిది.

మొదటి వాక్యంలోనే పని తేల్చేయాలి: “నా పేరు ఫలానా, ఫలానా వీధి, ఐటెం 7కి వ్యతిరేకం. స్కూలు వదిలే టైమ్‌కి మా వీధిలో ఇప్పటికే కార్లు రెండు వైపులా ఆగుతున్నాయి.” ఇంటి దగ్గర ఫోన్లో టైమర్ పెట్టుకుని ఒకసారి చదివి చూసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

అజెండాలో లేని విషయం ఎత్తితే కౌన్సిల్ సభ్యులు చర్చించరు. పొగరు అనుకోకండి, చట్టం వాళ్లను చర్చించనివ్వదు. ఉన్న వాస్తవమో విధానమో చెప్పగలరు, తర్వాతి అజెండాలో పెట్టే మాట మాట్లాడగలరు, అంతే. అందుకే తర్వాతి అజెండాలో పెట్టమనే అడగండి. కమ్యూనిటీ లోపలి పార్కింగ్ గొడవైతే అసలు ఇక్కడికి రాకండి, అది హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) పని.

బడ్జెట్‌కు మాత్రం క్యాలెండర్ చూసుకోవాలి. చాలా సిటీల ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, హియరింగులు ఆగస్టు, సెప్టెంబర్లలో ఉంటాయి. పార్కులో లైట్లు కావాలని అక్టోబర్లో వెళ్లి అడిగితే, అది ఇక వచ్చే ఏడాది మాటే.