విదేశీ జట్టు డాక్టర్‌కు విశాఖలో తాత్కాలిక అనుమతి ఇప్పించడం ఎలా

విదేశీ క్రీడా జట్టు విశాఖ వస్తోందంటే హోటల్, బస్సు, ప్రాక్టీస్ గ్రౌండ్ ముందే చూసుకుంటారు. జట్టు డాక్టర్ కాగితాలు మాత్రం చివరి వారానికి వదిలేస్తారు. అలా చేయకండి. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, డాక్టర్ల రిజిస్టర్‌లో పేరు లేనివారు ఇక్కడ వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. విదేశీ డాక్టర్‌కు తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1997లోనే ఇలాంటి పోటీల కోసం విడిగా మినహాయింపు చట్టం తెచ్చుకుంది. ఇక్కడ మాత్రం అడిగి తెచ్చుకోవాల్సిందే.

మ్యాచ్ తేదీలు ఖరారైన రోజే కాగితాలు అడగండి: సొంత దేశపు రిజిస్ట్రేషన్, అక్కడి మెడికల్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (డాక్టర్‌పై చర్యలేవీ లేవని చెప్పే పత్రం), డిగ్రీ, పాస్‌పోర్ట్, ఆహ్వాన లేఖ, పర్యటన తేదీలు, జట్టు జాబితా. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కొత్తదై ఉండాలి. పాస్‌పోర్ట్‌లో ఒక పేరు, డిగ్రీలో పెళ్లికి ముందు పేరు ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. రెండు పేర్లూ ఒకరివేనని చూపే పత్రం ముందే జతచేయండి. ఇన్సూరెన్స్ పాలసీ భారత్‌లో చెల్లుతుందో లేదో కూడా చదివి చూడండి.

అనుమతి వచ్చినా ఆ డాక్టర్ సొంత జట్టు వరకే చూడాలి. బాల్‌బాయ్‌కి దెబ్బ తగిలితే ప్రథమ చికిత్స చేసి స్థానిక డాక్టర్‌కు అప్పగించాలి.

ఎక్కువ తలనొప్పి మందుల పెట్టెతోనే. నొప్పి మందు ట్రమడాల్‌ను ఇక్కడ 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు, 2024 నుంచి పోటీ సమయంలో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) కూడా నిషేధించింది. కెటమిన్, మార్ఫిన్ కూడా ఈ చట్టం కిందివే. జట్టు కోసం తెచ్చే నిల్వను సొంత వాడకానికని చెప్పడం కుదరదు. వీటిని తేవద్దని ముందే రాయండి, అవసరమైతే ఆసుపత్రిలోనే ఇస్తారు. మిగతా మందులకు జెనరిక్ పేరు, పరిమాణం, బ్యాచ్, గడువు తేదీ రాసిన జాబితా పెట్టె మూత లోపల ఒకటి అంటించి, చేతిలో రెండు కాపీలు ఉంచండి. ఆక్సిజన్ సిలిండర్‌ను సాధారణంగా విమానంలో తేనివ్వరు, ఇక్కడే అద్దెకు మాట్లాడండి.

విదేశీ డాక్టర్ రాసిన చీటీకి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ ఇవ్వరు. అందుకే ప్రతి జట్టుకూ ఒక స్థానిక డాక్టర్‌ను జతచేయండి. చీటీ ఆయనే రాసి, సంతకం కింద తన రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. ఆసుపత్రిలో చేర్చితే కేస్ షీట్‌లో ఆదేశాలు అక్కడి డాక్టర్లే రాస్తారు. జట్టు డాక్టర్ పక్కనుండి పాత గాయాలు, అలర్జీలు, డోపింగ్ నిబంధనలు చెబితే చాలు. ఉదాహరణకు 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించిన సెలైన్‌పై వాడా నిషేధం ఉంది. ఆసుపత్రి చికిత్సలో భాగంగా ఎక్కిస్తే మినహాయింపు ఉంటుంది కాబట్టి ఆ చికిత్స కాగితం భద్రపరచాలి.

ఫిజియోలకు ఈ దారి వర్తించదు. వాళ్ల నియంత్రణ 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కింద ఉంది, అనుమతి సంగతి విడిగా అడగాలి.

మ్యాచ్‌కు ముందు రోజు స్థానిక డాక్టర్, జట్టు డాక్టర్ కలిసి దారి చూసి రావాలి. మధురవాడ స్టేడియం నుంచి హైవే మీద నగరం వైపు వస్తే హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి వస్తుంది. బీచ్ రోడ్ హోటళ్లకైతే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర. ఆ రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీలో ఎవరున్నారో వాళ్ల నంబరు, 108 రెండూ డ్రెస్సింగ్ రూమ్ తలుపు లోపలి వైపు అంటించండి.